థార్ ఎడారిలో కోటలు కాకుండా ఏం చూడాలి? డిసెంబర్‌లో వెళ్తున్నాం

హన్మకొండ అమ్మ:
అందరికీ నమస్కారం. డిసెంబర్ చివరలో పది రోజులు సెలవు కుదిరింది. జోధ్‌పూర్, జైసల్మేర్, వీలైతే బికనేర్ చూడాలని ఉంది. నేను, మావారు, ఆరో తరగతి చదివే బాబు, అరవై ఎనిమిదేళ్ళ మా అత్తమ్మ వెళ్తున్నాం. ట్రావెల్స్ వాళ్ళను అడిగితే ఒక కాగితం ఇచ్చారు. కోట, హవేలీ, ఇంకో కోట, ఒంటె సవారీ, రాత్రికి టెంట్. కోటలంటే నాకు చిన్నచూపు లేదు, ఖిలా వరంగల్ తోరణాల మధ్య ఆడుకుంటూ పెరిగినదాన్ని. కానీ అంత దూరం పోయి పది రోజులూ రాజుల సామానే చూసి రావాలని లేదు.

మా బాబు ఎక్కడికి పోయినా జేబు నిండా రాళ్ళు తెస్తాడు. అత్తమ్మకు చెట్లు, గింజలు అంటే ప్రాణం. మోకాళ్ళ నొప్పి, మెట్లు ఎక్కలేరు. వీళ్ళిద్దరికీ నచ్చేవి కావాలి. ప్రకృతి చేసిన వింతలు, ఇంకెక్కడా ఉండని తరహా మ్యూజియంలు. వెళ్ళివచ్చినవాళ్ళు చెప్పండి.

రాళ్ళ సారు (గోదావరిఖని):
అమ్మా, బాబు కోసం మొదట ఆకల్ రాసిపెట్టుకోండి. జైసల్మేర్ నుంచి బాడ్‌మేర్ పోయే రోడ్డులో 17 కిలోమీటర్లు. 21 హెక్టార్ల బోడి నేల. దూరం నుంచి చూస్తే ఇనుప జాలీలు, వాటి మీద రేకులు తప్ప ఏమీ కనపడదు. దగ్గరికి పోయి జాలీలోంచి తొంగిచూస్తే లోపల చెట్టు మాను పడుకొని ఉంటుంది. చెక్క పోగులు, కొమ్మ విరిగిన చోట ముడి, అన్నీ అట్లాగే ఉంటాయి. కానీ అది రాయి. ఇలాంటి మానులు పాతిక దాకా బయటపడ్డాయి. అన్నిటికన్నా పెద్దది 13 మీటర్లు ఉంటుంది. వయసు 18 కోట్ల సంవత్సరాలు.

ఇది ఎట్లా జరుగుతుందో బాబుకు ముందే చెప్పి తీసుకుపోండి. ఆ చెట్లు బతికిన రోజుల్లో అక్కడ ఎడారి లేదు, అడవి ఉండేది, వానలు బాగా పడేవి. కూలిన మానులు ఒండ్రు కింద పూడుకుపోయాయి. గాలి తగలలేదు కాబట్టి కుళ్ళలేదు. ఇసుకలోంచి ఇంకే నీళ్ళలో కరిగిన సిలికా ఉంటుంది. అది చెక్క కణాల్లోకి చేరి, కణం ఉన్నచోట కణం ఆకారంలోనే గట్టిపడుతూ పోయింది. చెక్క పోయింది, దాని అచ్చు మిగిలింది.

నేను ముప్పై ఏళ్ళు బొగ్గు బావుల్లో పనిచేశాను. మన గోదావరి లోయ బొగ్గు కూడా ఒకనాటి అడవే, వయసులో ఆకల్ చెట్ల కన్నా పెద్దది. చిత్తడిలో పడి, మీద బరువు పెరిగి, నొక్కుకుపోయిన చెట్టు బొగ్గయింది. సిలికా నీళ్ళు తాగిన చెట్టు రాయయింది. బాబు చేతిలో ఒక బొగ్గు పెళ్ళ పెట్టి ఈ తేడా చెప్పండి. ఆకల్‌లో ఆ జాలీల ముందు నిలబడినప్పుడు వాడికి గుర్తొస్తుంది.

ఇంకో మాట. ఆకల్ చెట్లు నిలబడి ఉన్న జురాసిక్ కాలంలోనే మన గోదావరి పక్కన కోటసారస్ అనే రాక్షసబల్లి తిరిగింది. దాని ఎముకలు అప్పటి ఆదిలాబాద్ జిల్లా యామన్‌పల్లి దగ్గర దొరికాయి. ఆ అస్థిపంజరం హైదరాబాద్ బిర్లా సైన్స్ మ్యూజియంలో నిలబెట్టి ఉంది. రైలెక్కే రోజు పొద్దున అది చూపించి, తరువాత ఆకల్ తీసుకుపోతే ఒకే కాలపు జంతువునూ చెట్టునూ వాడు ఒకే ప్రయాణంలో చూసినట్టు అవుతుంది.

ఒక్క రాయి కూడా జేబులో వేసుకోనివ్వకండి. అక్కడ ముక్క తీయడం నేరం. దానికన్నా ముందు, తీస్తే తరువాత వచ్చే పిల్లలకు మిగలదు.

కాజీపేట జంక్షన్:
కాచిగూడ నుంచి భగత్ కీ కోఠీకి నేరుగా రైలు ఉంది. భగత్ కీ కోఠీ అంటే జోధ్‌పూరే, ఊరి చివరి స్టేషన్. ప్రయాణం ఒకటిన్నర రోజుకు పైనే పడుతుంది. పెద్దామె ఉన్నారు కాబట్టి పోయేటప్పుడు కింది బెర్తులతో రైలు, వచ్చేటప్పుడు విమానం పెట్టుకుంటే మేలు. జోధ్‌పూర్ నుంచి జైసల్మేర్ దాదాపు 280 కిలోమీటర్లు. ఆ దారి మాత్రం కారులోనే పోండి, మధ్యలో ఆగి చూసేవి ఉన్నాయి. అవి పాలపిట్ట తమ్ముడు చెప్తాడు.

పాలపిట్ట (కరీంనగర్):
చెప్తాను అన్నా! ఆ దారిలో ఫలోదీ దగ్గర ఖీచన్ అని చిన్న ఊరు ఉంది. అక్కా, ఒక రాత్రి ఆ చుట్టుపక్కల పడుకొని తెల్లవారేసరికి అక్కడ ఉండండి.

చలికాలంలో మంగోలియా వైపు నుంచి హిమాలయాలు దాటి కొంగలు వస్తాయి. బూడిదరంగు ఒళ్ళు, నల్లటి మెడ, కంటి వెనక నుంచి తెల్లని కుచ్చు. అక్కడివాళ్ళు కుర్జా అంటారు. ఊళ్ళో కంచె వేసిన ఒక ఆవరణలో రోజూ గింజలు చల్లుతారు. పొద్దున వేల పక్షులు వరుసలు వరుసలుగా దిగుతాయి. ఆ అరుపు మైలు దూరం వినిపిస్తుంది. ఊరి జైన కుటుంబాలు కొన్ని దశాబ్దాల కింద గుప్పెడు గింజలతో మొదలుపెట్టిన పని ఇది. 2025 జూన్‌లో ఖీచన్‌ను రామ్‌సర్ చిత్తడి నేలల జాబితాలో చేర్చారు. చుట్టూ ఎడారి, మధ్యలో అంతర్జాతీయ గుర్తింపున్న చిత్తడి నేల, ఊహించండి.

రెండోది బట్టమేక పిట్ట. రాజస్థాన్ రాష్ట్ర పక్షి, అక్కడ గోడావణ్ అంటారు. ఒకప్పుడు మన తెలుగు నేలలోనూ ఉండేది, కర్నూలు వైపు రోళ్ళపాడును దాని కోసమే రక్షిత ప్రాంతం చేశారు. ఇప్పుడు లోకం మొత్తం మీద 150 కన్నా తక్కువే మిగిలాయి, వాటిలో ఎక్కువ భాగం జైసల్మేర్ చుట్టుపక్కలే. 3,162 చదరపు కిలోమీటర్ల ఎడారి జాతీయ పార్కు ఉంది. కనపడుతుందన్న హామీ ఎవరూ ఇవ్వలేరు. పదిహేను కిలోల దాకా బరువుండే పక్షి, ఎదురుగా ఉన్నది సరిగా చూడలేదు, గాలిలో చప్పున పక్కకు తిరగలేదు. అందుకే కరెంటు తీగలకు తగిలి చస్తున్నాయి. 2024 అక్టోబర్‌లో జైసల్మేర్ దగ్గర ఈ పక్షులను పెంచే కేంద్రంలో కృత్రిమ గర్భధారణతో మొదటి పిల్ల పుట్టిందని చదివిన రోజు నాకు ఇంట్లో పండుగలా అనిపించింది.

పిట్ట కనపడకపోయినా ఆ గడ్డి మైదానం చూడండి. సేవణ్ అనే గడ్డి. ఎడారి అంటే ఇసుకే అని మనం అనుకుంటాం. అక్కడ సగం అందం ఆ గడ్డిదే.

జగిత్యాల వలస:
ఒక మాట అడుగుతాను, తప్పుగా అనుకోవద్దు. ఎడారిలో డబ్బు పెట్టి చూడడానికి ఏముంటుంది? నేను అబుదాబి వైపు పదకొండేళ్ళు పైపులైన్ పనిలో ఉన్నాను. ఇసుక కంట్లో, ఇసుక అన్నంలో, ఇసుక చెప్పుల్లో. మధ్యాహ్నం పనిముట్టు పట్టుకుంటే చెయ్యి కాలేది. ఇంటికి వచ్చి ఆరేళ్ళయినా టీవీలో ఎడారి కనిపిస్తే చానల్ మారుస్తాను. మీరు సంతోషంగా వెళ్తున్నారు, వెళ్ళండి. నాకు నిజంగానే అర్థం కాక అడుగుతున్నాను.

మా సైటు దగ్గర ఒకే ఒక్క చెట్టు ఉండేది. గాఫ్ అనేవాళ్ళు అరబ్బులు. ముళ్ళ చెట్టు, సన్న ఆకు. నీళ్ళు ఎక్కడి నుంచి తాగుతుందో తెలియదు, ఎప్పుడూ పచ్చగా ఉండేది. దాని కిందే కూర్చొని తినేవాళ్ళం. అక్కడ నాకు నచ్చింది అదొక్కటే.

హన్మకొండ అమ్మ:
అన్నా, తప్పుగా ఎందుకు అనుకుంటాం. మా మేనమామ కూడా మస్కట్‌లో పనిచేసి వచ్చారు. మీరు చెప్పింది చదివాక ఫోన్ పక్కన పెట్టి కాసేపు కూర్చున్నాను. మీరు ఈ చర్చలో ఉండండి.

పాలపిట్ట (కరీంనగర్):
అన్నా, మీరు కూర్చున్న గాఫ్ చెట్టు మన జమ్మి చెట్టే.

ఊరికే పోలిక చెప్పడం లేదు. అదే జాతి, అదే చెట్టు. శాస్త్రీయ నామం ప్రోసోపిస్ సినరేరియా. అరబ్ ఎమిరేట్స్‌కు జాతీయ వృక్షం. రాజస్థాన్‌లో ఖేజ్రీ అంటారు, వాళ్ళ రాష్ట్ర వృక్షం. మన తెలంగాణకూ రాష్ట్ర వృక్షం జమ్మే. వేర్లు చాలా లోతుకు పోతాయి, అందుకే మీకు అది నీళ్ళు ఎక్కడ తాగుతుందో తెలియలేదు.

జగిత్యాల వలస:
తమ్మీ, నువ్వు రాసింది మా అమ్మకు చదివి వినిపించాను. పదకొండు దసరాలకు ఫోన్ చేసి "జమ్మి ఆకు పెట్టుకున్నావా బిడ్డా" అని అడిగేది. ఇక్కడ ఎక్కడ దొరుకుతుందమ్మా అనేవాణ్ణి. రోజూ దాని కిందే తిన్నాను కదా.

హన్మకొండ అమ్మ:
అత్తమ్మకు చెప్పాను. కళ్ళద్దాలు తీసి కళ్ళు తుడుచుకొని, ఆ చెట్టు రాజస్థాన్‌లో ఎక్కడ బాగా చూడొచ్చో కనుక్కోమన్నారు.

పాలపిట్ట (కరీంనగర్):
జోధ్‌పూర్‌కు పాతిక కిలోమీటర్ల దూరంలో ఖేజర్లీ అక్కా. ఊరి పేరే ఆ చెట్టు. 1730లో జోధ్‌పూర్ రాజు సున్నం బట్టీల కోసం చెట్లు కొట్టుకు రమ్మని మనుషులను పంపాడు. చెట్లను, జంతువులను కాపాడడం ధర్మంగా పాటించే బిష్ణోయ్ సమాజానికి చెందిన అమృతాదేవి అనే ఆమె చెట్టును కౌగిలించుకుని నిలబడింది. ఆమెను నరికారు, ఆమె కూతుళ్ళనూ నరికారు. చుట్టుపక్కల ఊళ్ళ నుంచి బిష్ణోయ్‌లు వచ్చి ఒక్కొక్కరే చెట్టుకు అడ్డం నిలబడ్డారు. 363 మంది చనిపోయాక రాజు ఆపించాడు. అక్కడ స్మారకం ఉంది, చుట్టూ జమ్మి చెట్లు. ఏటా భాద్రపద శుద్ధ దశమికి మేళా జరుగుతుంది. మెట్లు ఎక్కే పని లేదు. బిష్ణోయ్ ఊళ్ళ పొలాల్లో కృష్ణజింకలు మనుషులకు బెదరకుండా మేస్తుంటాయి.

భోజనంలో కేర్ సాంగ్రీ అడగండి. సాంగ్రీ అంటే జమ్మి కాయే. మనం పూజ చేస్తాం, వాళ్ళు కూర కూడా వండుతారు.

తండా పిల్లగాడు (మహబూబాబాద్):
వింత మ్యూజియం అడిగారు కదా అక్కా. చీపుర్ల మ్యూజియం ఉంది! జోధ్‌పూర్ నుంచి ఇరవై కిలోమీటర్లకు పైన, మోక్లావాస్ ఊరి దగ్గర, పేరు అర్నా ఝర్నా. కోమల్ కొఠారీ గారు మొదలుపెట్టారు. 1960లో రూపాయన్ సంస్థాన్ పెట్టి, ఊరూరా తిరిగి జానపదుల పాటలు రికార్డు చేసిన మనిషి. 2004లో పోయారు.

రాజుల కత్తులు, పల్లకీలు దాచే మ్యూజియంలు బోలెడు ఉన్నాయి. ఆయన చీపురు దాచారు. ఎందుకంటే ఏ నేలలో ఏ గడ్డి మొలుస్తుందో దాన్ని బట్టి చీపురు మారుతుంది. ఎవరు కడతారు, ఎవరు అమ్ముతారు, ఎప్పుడు కొనాలి, ఎక్కడ నిలబెట్టకూడదు, అన్నిటికీ ఒక లెక్క ఉంటుంది. ఇంట్లో ఊడ్చే మెత్తని చీపురు అక్కడ ఆడది, కొట్టం, వాకిలి ఊడ్చే గట్టి చీపురు మగది. ఆయన రాజస్థాన్‌ను జిల్లాలుగా కాకుండా తిండిని బట్టి మూడుగా చూసేవారు. సజ్జలు తినే నేల, జొన్నలు తినే నేల, మక్కలు తినే నేల. పంట మారితే వాయిద్యం మారుతుంది, పాట మారుతుంది, చీపురూ మారుతుంది. మీ అత్తమ్మకు ఇంతకన్నా నచ్చేది ఇంకోటి ఉండదు. మా నానమ్మ ఈత పొరక, కందికట్టె పొరక, కొండ చీపురు వేరువేరు మూలల్లో పెట్టేది. ఒకదానితో ఇంకో పని చేస్తే ఊరుకునేది కాదు. ఆమె జ్ఞానానికి ఒక మ్యూజియం ఉండొచ్చని నాకు అక్కడికి పోయేదాకా తట్టలేదు.

అక్కడే కుండలు, వాయిద్యాలు, ఆడించే బొమ్మలు కూడా ఉన్నాయి. పాత రాతి గని ఒకటి నీళ్ళు నిండి చెరువైంది.

ఇంకోటి చెప్పాలి. మా పెద్దలు ఆ వైపు నుంచే ఎడ్ల మీద ధాన్యం, ఉప్పు వేసుకుని దక్కనుకు వచ్చారని చెప్తారు. అక్కడ హోటల్ ఆయన నీళ్ళను పాణీ, రొట్టెను బాటీ, పిల్లను ఛోరీ అంటుంటే మా లంబాడీల గోర్ బోలీ విన్నట్టే ఉంది. హిందీలో మొదలుపెట్టి తండా మాటలోకి జారాను. ఆయనకు చాలా వరకు అర్థమైంది. మీరు ఎవరి పాటైనా విన్నప్పుడు మా తండాల తీజ్ పాటలు కూడా ఒకసారి గుర్తు చేసుకోండి.

నర్సంపేట రైతు:
కుల్ధారా గురించి ఎవరూ రాయలేదు. జైసల్మేర్‌కు పడమర 18 కిలోమీటర్లు. రెండు వందల ఏళ్ళ కింద వదిలేసిన పాలీవాల్ బ్రాహ్మణుల ఊరు. గోడలు, వీధులు ఉన్నాయి, కప్పులు లేవు. గైడ్లు దయ్యాల కథలు చెప్తారు, దివాన్ పెట్టిన బాధకు ఒక్క రాత్రిలో ఊరంతా వెళ్ళిపోయిందని చెప్తారు. నీళ్ళు తగ్గిపోయి మెల్లగా ఖాళీ అయిందన్న మాటే నాకు నమ్మబుద్ధి అవుతుంది. బావి ఎండిన ఊళ్ళను మనం చూశాం కదా.

దయ్యాల కథల్లో పడి అసలు విషయం వదిలిపెట్టకండి. ఆ పాలీవాల్‌లు ఖడీన్ అనే పద్ధతి నడిపించారు. జైసల్మేర్‌లో ఏడాదికి 200 మిల్లీమీటర్ల వాన కూడా పడదు, మన వరంగల్‌లో దానికి ఐదింతలు. ఆ కొంచెం వాన రాతి వాలు మీద పడి జారిపోతుంది. వాలు కింద పొడవాటి మట్టి కట్ట వేసి దాన్ని ఆపుతారు. నీళ్ళు నిలిచి, ఇంకి, పైన ఆరిన తరువాత ఆ పదునులో గోధుమ, శనగ చల్లుతారు. మళ్ళీ తడి పెట్టే పని లేదు. అది మన చెరువు శిఖం సాగే! పాకాల, రామప్ప, లక్నవరం కట్టిన కాకతీయులు వాననీటిని గొలుసుకట్టుగా చెరువు నుంచి చెరువుకు దించారు. వీళ్ళకు అంత వాన లేదు కాబట్టి పొలాన్నే చెరువు చేసి, చెరువునే పొలం చేశారు. నేను ఆ కట్ట మీద గంటసేపు నడిచాను. ఎక్కడ కట్టారో, ఎందుకు అక్కడే కట్టారో వాలు చూస్తే అర్థమైంది. జైసల్మేర్ చుట్టుపక్కల ఇప్పటికీ సాగులో ఉన్న ఖడీన్లు ఉన్నాయి, డ్రైవర్‌ను అడిగితే చూపిస్తారు. డిసెంబర్‌లో పచ్చగా ఉంటాయి.

హన్మకొండ అమ్మ:
ఇంత వస్తుందని అనుకోలేదు. అందరివీ నోటుబుక్కులో రాసుకుంటున్నాను. ఇసుక దిబ్బలకు సమ్ మంచిదా, ఖూరీ మంచిదా? టెంట్‌లో పడుకోవాలని బాబు పట్టుబడుతున్నాడు.

కాజీపేట జంక్షన్:
రెండూ జైసల్మేర్ నుంచి నలభై కిలోమీటర్ల చిల్లర. సమ్ దగ్గర దిబ్బలు పెద్దవి, జనం కూడా ఎక్కువ. మేం నాలుగేళ్ళ కింద సమ్‌లో ఒక క్యాంపులో దిగాం, పేరు చెప్పను. ప్రశాంతంగా ఉంటుందని ఫోన్‌లో చెప్పి, రాత్రి పన్నెండు దాకా సౌండ్ బాక్సులు పెట్టారు. మా నాన్నకు బీపీ, నిద్ర లేదు. పొద్దున అడిగితే అది పక్క క్యాంపు అన్నారు. కాబట్టి ఖూరీ వైపు, ఊళ్ళోవాళ్ళు నడిపే చిన్న బస చూసుకోండి. సంగీతం ఎన్ని గంటలకు ఆపుతారో వాట్సాప్‌లో రాయించుకోండి, మాట మీద వదిలేయకండి.

రాళ్ళ సారు (గోదావరిఖని):
దిబ్బ మీద బాబుకు ఒక పని ఇవ్వండి. ఒక వైపు మెల్లగా ఎక్కుతుంది, రెండో వైపు చప్పున జారుతుంది. మెల్లని వైపు నుంచి గాలి ఇసుకను తోసుకుని వస్తుంది, కొన దాటాక అది జారిపడుతుంది. పొడి ఇసుక సుమారు 34 డిగ్రీల వాలు దాటి నిలబడదు. ప్రొట్రాక్టర్ తీసుకెళ్ళి కొలవమనండి. ఎక్కడ కొలిచినా దగ్గరదగ్గరగా అదే వస్తుంది.

రాత్రి చలి ఎందుకో కూడా చెప్పండి. గాలిలో తేమ ఉంటే అది దుప్పటి లాగా వేడిని పట్టి ఉంచుతుంది. అక్కడ ఆ దుప్పటి లేదు. పగలు ఇసుక తాగిన వేడి అంతా పొద్దుగూకగానే ఆకాశంలోకి పోతుంది. అదే పొడి గాలి వల్ల నక్షత్రాలు అంత స్పష్టంగా కనిపిస్తాయి. ఆ ఫలోదీలోనే 2016 మే 19న 51 డిగ్రీలు నమోదైంది. మా రామగుండం ఎండలో పెరిగిన నాకే ఆ అంకె చూస్తే గుండె ఆగినంత పనైంది. అందుకే మీరు ఎంచుకున్న డిసెంబర్ సరైనది. స్వెట్టర్లు మాత్రం రెండేసి పెట్టుకోండి, పెద్దామెకు ఉన్ని టోపీ కూడా.

పాలపిట్ట (కరీంనగర్):
జోధ్‌పూర్‌లో మెహ్రాన్‌గఢ్ కోట గోడల పక్కనే రావ్ జోధా ఎడారి రాతి పార్కు ఉంది. దాన్ని వదలకండి. 2006లో మొదలుపెట్టినప్పుడు ఆ 70 హెక్టార్లూ సర్కారు తుమ్మతో నిండి ఉండేది. మన చెరువు కట్టల మీద, పడావు భూముల్లో అల్లుకుపోయే అదే సర్కారు తుమ్మ! ఇంకో మొక్కను బతకనివ్వదు, పైన నరికితే వేరు నుంచి మళ్ళీ లేస్తుంది. అది అగ్నిపర్వతం చిమ్మిన గట్టి రాతి నేల, పార పని చేయదు. అప్పుడు రాళ్ళు కొట్టే ఖండ్‌వాలియాలను పిలిచారు. వాళ్ళు సుత్తితో రాయి మీద తట్టి, శబ్దాన్ని బట్టి నెర్రె ఎక్కడుందో చెప్పి, వేరును మొదలంటా తీశారు. మన వడ్డెరల చేతిలో ఉండే విద్యే. తరువాత ఆ గుంతల్లో ఎడారి మొక్కలు నాటారు. ఐదేళ్ళకు, 2011లో జనానికి తెరిచారు. మా ఊరి చెరువు కట్ట చూసినప్పుడల్లా నాకు ఆ పార్కు గుర్తొస్తుంది. చేయాలనుకుంటే చేయగలరు. దారులు రాళ్ళవి, అత్తమ్మగారు గేటు దగ్గరి భాగం వరకు చూస్తే చాలు.

అక్కడి నుంచి కోటకు కూడా పోండి, లిఫ్ట్ ఉంది. తలపాగాలు, ఊయలలు విడిగా పెట్టిన చోట్లు చూడండి. కులాన్ని బట్టి, ఊరిని బట్టి, ఋతువును బట్టి తలపాగా చుట్టే తీరు మారుతుంది.

నర్సంపేట రైతు:
బికనేర్ పోతే ఒంటెల పరిశోధన కేంద్రం. 1984లో పెట్టారు, మ్యూజియం ఉంది, ఒంటె పాల ఐస్‌క్రీం దొరుకుతుంది. మూపులో ఉండేది నీళ్ళు కాదు, కొవ్వు. నాకు బాధ కలిగించిన సంగతి ఏమిటంటే, 2012లో దేశంలో నాలుగు లక్షల ఒంటెలు ఉంటే 2019 లెక్కకు రెండున్నర లక్షలయ్యాయి. ట్రాక్టర్ వచ్చింది, మేత భూమి పోయింది. మన ఊళ్ళల్లో ఎడ్లకు జరిగిందే.

పాలపిట్ట (కరీంనగర్):
ఆ కేంద్రం పక్కనే జోర్‌బీడ్. చచ్చిన పశువులను వేసే చోటు. వాసన ఉంటుంది, కానీ చలికాలంలో రాబందులు, గద్దలు వందల్లో దిగుతాయి. మన కుమురం భీం జిల్లా పాలరాపు గుట్ట మీద మిగిలిన కొన్ని రాబందుల కోసం అటవీ శాఖ ఎంత కష్టపడుతుందో తెలిసినవాళ్ళకు అక్కడ కళ్ళు నిండుతాయి. పశువులకు నొప్పి తగ్గడానికి వేసే డైక్లోఫినాక్ మందు, ఆ కళేబరాలు తిన్న రాబందులను చంపేసింది; 2006లో ఆ మందును పశువులకు వాడకుండా నిషేధించారు.

కచ్ అభిమాని (మంచిర్యాల):
అక్కా, గుజరాత్ కచ్ కూడా ఆలోచించండి. తెల్లని ఉప్పు రణ్, హరప్పా కాలపు నగరం ధోలావీరా, భుజ్‌లో 2001 భూకంపం మీద కట్టిన స్మృతివన్ మ్యూజియం. నాకైతే థార్ కన్నా అదే ఇష్టం.

హన్మకొండ అమ్మ:
తమ్ముడూ, అది ఇంకో ఏడాదికి. రెండూ కలిపితే కారులోనే గడిచిపోతుంది. బికనేర్ కూడా వదిలేస్తున్నాం. అత్తమ్మ మోకాళ్ళు, దూరాలు చూసుకుని జోధ్‌పూర్ మూడు రోజులు, దారిలో ఖీచన్, జైసల్మేర్ మూడు రోజులు అనుకున్నాం. దేశ్‌నోక్ ఎలుకల గుడి చూడలేకపోతున్నానని అత్తమ్మకు కొంచెం వెలితి. రాబందులు చూడలేకపోతున్నందుకు నాకూ వెలితే.

హన్మకొండ అమ్మ (జనవరిలో):
వచ్చేశాం. ఆలస్యంగా రాస్తున్నందుకు క్షమించండి, బాబుకు జలుబు చేసింది.

రాళ్ళ సారూ, ముందు మీకు. బాబు బొగ్గు పెళ్ళ వెంట తెచ్చుకున్నాడు. ఆకల్‌లో కావలి ఆయన ఇదేంటని అడిగితే, వచ్చీరాని హిందీలో చేతులు ఊపుతూ మొత్తం చెప్పాడు. ఆయన నవ్వి, ఒక జాలీ దగ్గరికి తీసుకుపోయి, రాయిలో ఇరుక్కున్న చిన్న గవ్వలు చూపించాడు. అక్కడికి తరువాత సముద్రం వచ్చిందన్నమాట. వాడు ఒక్క ముక్క కూడా తీయలేదు. దిబ్బ వాలు మూడు చోట్ల కొలిచాడు: 33, 34, 32.

ఖీచన్‌లో మేం గోడ పక్కన ఒక ఇంటి మేడ మీద ఉన్నాం. ఇంటావిడ చాయ్ ఇచ్చింది. పొద్దు పొడవకముందే ఆకాశంలో సన్నని గీతలు కనిపించాయి, తరువాత శబ్దం, తరువాత నేల కనపడలేదు. జగిత్యాల అన్నా, ఆమె ఒక సంగతి చెప్పింది, మీకోసం గుర్తుపెట్టుకున్నాను. అక్కడి ఆడవాళ్ళకు కుర్జా పాటలు ఉన్నాయట. మగడు దూరదేశం పోతే, దూరం నుంచి వచ్చిన ఆ పక్షితో కబురు పంపుకునే పాటలు. రెండు చరణాలు పాడింది. మాట తెలియకపోయినా మా మేనత్త గుర్తొచ్చింది. మామ మస్కట్‌లో ఉన్న రోజుల్లో వాకిట్లో కూర్చుని ఒక్కతే సన్నగా పాడుకునేది.

అర్నా ఝర్నాలో అత్తమ్మ రెండు గంటలు కదలలేదు. చూపించే అబ్బాయి ఒక చీపురు చెప్తే, ఈమె మన దగ్గర దేనితో కడతారో చెప్పేది, నేను హిందీలోకి మార్చి చెప్పేదాన్ని. చివరికి అతను కాగితం తెచ్చుకుని రాసుకున్నాడు. తాటి, ఈత, కొండ చీపురు, కంది, అన్నీ. తండా తమ్ముడూ, నీకు వందసార్లు థ్యాంక్స్.

బట్టమేక పిట్ట కనపడలేదు. మూడు గంటలు గడ్డిలో కూర్చున్నాం. చింకారా జింకలు, ఒక నక్క, చాలా గాలి. ఆ నిశ్శబ్దం బాబుకు కూడా నచ్చింది. కుల్ధారాలో జనం ఎక్కువ, త్వరగా బయటికి వచ్చేశాం. రైతు అన్న చెప్పిన ఖడీన్ మాత్రం డ్రైవర్ చూపించాడు. నిజంగానే రాతి నేల మధ్య పచ్చని శనగ చేను. మావారు కట్ట మీద అటు చివరి దాకా నడిచి వచ్చారు.

ఖేజర్లీకి ఆఖరి రోజు పోయాం. అత్తమ్మ ఒక పెద్ద ఖేజ్రీ దగ్గరికి పోయి, ఆకు పట్టుకుని చూసి, ఇది మనదేనని చెప్పి, చుట్టూ మూడుసార్లు తిరిగారు. "శమీ శమయతే పాపం" అని దసరా నాడు చదివే శ్లోకం చదివారు. అలవాటు కొద్దీ ఆకు తెంపబోయి, 363 మంది సంగతి గుర్తొచ్చి, చెయ్యి వెనక్కి తీసుకున్నారు. కింద రాలినవి నాలుగు ఏరుకుని కొంగున కట్టుకున్నారు. జగిత్యాల అన్నా, వాటిలో రెండు మీ అమ్మగారికి పంపమన్నారు. అడ్రస్ ఇక్కడ పెట్టకండి, మెసేజ్ చేయండి.

జగిత్యాల వలస:
మెసేజ్ పెట్టాను చెల్లే. అమ్మ మీ అత్తమ్మతో ఫోన్‌లో మాట్లాడాలంటోంది.

ఆ మేళా భాద్రపద శుద్ధ దశమికి అన్నారు కదా. అప్పుడు అమ్మను తీసుకుని పోవాలని ఉంది. ఆ నెలలో ఎండ ఎట్లా ఉంటుంది?

పాలపిట్ట (కరీంనగర్):
అన్నా, ఆగస్టు చివర, సెప్టెంబర్‌లలో వస్తుంది. ఎండ ఉంటుంది, ఉక్క కూడా. పొద్దున, సాయంత్రం తిరిగి మధ్యాహ్నం గదిలో ఉంటే పెద్దవాళ్ళకు ఇబ్బంది కాదు. కుర్జాలు కూడా అప్పుడే ఒక్కొక్కటిగా రావడం మొదలవుతుంది. కాజీపేట అన్నను అడిగి కింది బెర్తులు పట్టించండి, మీ ఇద్దరితో పాటు నాకూ ఒకటి.